మూడో గుండీ

పోర్ట్ సింప్సన్, మిషన్ బడి
మార్చి, 1894

మామయ్యా,

లాటీ వదిన ఈ ఉత్తరం చదవడం మొదలుపెట్టే ముందు నువ్వు చేతిలో ఉలి కింద పెట్టు. అమ్మ దగ్గర్లో ఉంటే కూర్చోమను. కూర్చుందా? నాన్న కనబడ్డాడు.

కంగారుపడకండి. మనిషి కాదు, రాయి.

శనివారాలు మమ్మల్ని డాక్టరు గారింటికి వెండి సామాను తోమడానికి పంపుతారు. మొన్న మొదటిసారి నన్ను ముందు గదిలోకి పిలిచారు. కిటికీ గట్టు మీద ఒక గడియారం, రెండు గవ్వలు, వాటి మధ్య నువ్వు చెక్కిన నావికుడు. పొడుగు కోటు, నెత్తిన టోపీ, చీలిన ఎడమ కనుబొమ్మ, ఈల వెయ్యబోతున్నట్టు పెదాలు, జేబులో ఎడమ చెయ్యి. ప్రతి ఏడూ నువ్వు తడి నాచులో చుట్టి స్టీమరు దగ్గరికి తీసుకెళ్ళడం చూశాను గాని, ఆ రాయి ఎక్కడికి చేరుతుందో ఎప్పుడూ చూడలేదు.

డాక్టరు గారి భార్య నా వెనకే నిలబడి నవ్వింది. "చూశావా, మీ ఆదివాసులు మా నావికుల్ని ఎంత బాగా వెక్కిరించారో! సోమరిపోతులా జేబులో చెయ్యి!" అంది. ఆ చేతికి రెండు వేళ్ళు లేవనీ, వాటిని ఓడ తాడు తినేసిందనీ, పరాయివాళ్ళ ముందు మాత్రమే ఆయన దాన్ని జేబులో దాస్తాడనీ, ఇంట్లో అదే చేత్తో నాకు జడ వేసేవాడనీ చెబుదామనుకున్నాను. "అవునమ్మా" అన్నాను. ఇక్కడ మాకు మొట్టమొదట నేర్పిన మాట అదే.

ఆమె దాన్ని విక్టోరియాలో ఒక కొట్లో కొందట. అంటే అమ్మ మాట నిజమే! "ముఖం సరిగ్గా చెక్కు తమ్ముడూ, చాలు. రాయి ఓడలెక్కుతుంది, రేవులు తిరుగుతుంది. ఎవడో ఒకడు చూసి ఇతను సైలస్ కదా అంటాడు. నీ పెళ్ళాం, నీ కూతురు ఇంకా ఎదురుచూస్తున్నారని వెళ్ళి చెబుతాడు" అని ప్రతి వసంతంలో నీ వెంటపడేది. ఊరంతా నవ్వేది. ఇప్పుడు నవ్వమను.

కాని మామయ్యా, రాయికి నోరు లేదు. నాకుంది. పైగా ఇప్పుడు రాత కూడా వచ్చింది. మాటలంటే నాకు పిచ్చి పట్టుకుంది. ఒక మంచి మాట పలక మీద రాశాక చెరపబుద్ధి కాదు, తరవాతి లెక్కకు పక్కపిల్ల పలక అడుక్కుంటాను. ఈ పలక మన కొండ రాయికి చెల్లెలని ఇక్కడెవరికీ తెలియదు. ఓడల యజమానులకూ రేవుల అధికారులకూ ఉత్తరాలు రాస్తాను. నాన్న ఓడ పేరూ ఆయన ఊరి పేరూ నాకు పంపు.

ఇంకొకటి. కోటు మూడో గుండీ దగ్గర ముత్యపుచిప్ప ముక్క పొదిగావు. ఇంట్లో ఉన్నప్పుడు చిన్నపిల్ల చేతులని నన్ను ముట్టనిచ్చేవాడివి కాదు, అందుకే ఎప్పుడూ గమనించలేదు. నాన్న వెళ్ళే పొద్దున ఇత్తడి గుండీ ఊడిపోతే అమ్మ చిప్ప అరగదీసి కుట్టింది. దారం పట్టుకుంది నేనే. నువ్వేమో రాయి కోసం కొండ మీద ఉన్నావు. బావ వీడ్కోలుకు కూడా రాలేదని నాన్న అలిగాడు, గుర్తుందా? అయినా ఎంత సరిగ్గా చెక్కావు! అమ్మ చెప్పి ఉంటుంది. మీ అక్కాతమ్ముళ్ళ జ్ఞాపకాలే జ్ఞాపకాలు.

నీ మేనకోడలు
ఫీబీ


స్కిడిగేట్
ఏప్రిల్

ఫీబీకి మామయ్య చెబుతున్నది, లాటీ రాస్తున్నది.

ఆమె దాన్ని కిటికీలో పెట్టిందా? ఏ వైపు కిటికీ? ఎండ తగిలితే మన రాయి పొరలు పొరలుగా విడిపోతుంది. జరపమని చెప్పు. చెప్పడానికి భయమైతే నువ్వే జరుపు.

హెర్రింగ్ చేపలు వచ్చాయి. నాచు మీద గుడ్లు మందంగా పడ్డాయి. నీకొక కట్ట పంపుతున్నాం. బుద్ధిగా చదువుకో. ఓడ పేరు నాకు గుర్తు లేదు.

ఆమోసు

మరదలు పిల్లా, నాన్న చెప్పింది అంతే. పది ముక్కలు చెప్పడానికి పొద్దంతా తీసుకున్నాడు. ఇక నా వాటా.

ముందు నీతో ఒక తగువు. మా నాన్న నాన్న అని ఊదరగొట్టావు గాని, నీకు నాన్నయితే నాకు మేనమామ కాడా? మీ డేగ పక్షం పిల్లని చేసుకోవాలంటే పిల్లాడు మా కాకి పక్షం వాడై ఉండాలని మా అమ్మమ్మ ఆ తెల్లవాణ్ణి కొడుకుగా చేసుకోలేదూ? పడవలో గురకపెట్టాడని 'అలల మీద నిద్రపోయేవాడు' అని పేరు పెట్టలేదూ? మీ అమ్మ మా ఇంటికీ, మా అమ్మ మీ ఇంటికీ. కుండమార్పిడి సంబంధం తల్లీ మనది. వెతికేటప్పుడు నన్నూ కలుపుకో.

నీ ఉత్తరం అందరి ముందూ గట్టిగా చదివాను. మా అమ్మ ఏడ్చింది, నవ్వింది, "అప్పుడు మా అత్త చక్కెరలో ఉప్పు కలిపినట్టు ఆ డాక్టరు పెళ్ళాం చక్కెరలోనూ కలిపేస్తాను" అంది. నీకు తెలుసుగా మా అమ్మ సంగతి. కాని గుండీ దగ్గరికి వచ్చేసరికి నాన్న మీ అమ్మ వైపు చూశాడు. అత్తయ్య కోస్తున్న చేప వైపు చూసింది. "అవును, నేనే చెప్పాను" అంది. ఆ తరవాత నాన్న లేచి రాయి తడపడానికి వెళ్ళాడు. అది అప్పటికే తడిగా ఉంది. నేనే తడిపాను.

ఏమైందో నాకు బోధపడలేదు. నీకు బోధపడితే రాయి.

మీ అమ్మకు ఆ దగ్గు ఇంకా పోలేదు. నాకు బాగానే ఉందని రాయమంటోంది. రాశాను.

లాటీ


పోర్ట్ సింప్సన్
మే

లాటీ వదినకూ మామయ్యకూ,

గుడ్లు అందాయి. అమ్మాయిలందరం ఊలికన్ చేప నూనెలో ముంచుకుని తిన్నాం. మా టీచరు ముక్కు మూసుకుని గది బయటికి వెళ్ళిపోయింది. అందరికంటే ఎక్కువ నేనే తిన్నాను. నాన్న వెళ్తూ, "గుడ్లు పడే వేళకు వచ్చేస్తా, నా వాటా దాచండి" అన్నాడు కదా. అమ్మ ఈ ఏడూ దాచిందా?

విగ్రహాన్ని జరపమని అడిగాను. డాక్టరు గారి భార్య మళ్ళీ నవ్వి, "రాయికి ఎండదెబ్బ తగులుతుందా?" అంది. ఆమె అటు తిరగగానే గడియారం నీడలోకి జరిపాను. వారం తిరిగి వెళ్ళేసరికి మళ్ళీ ఎండలోనే ఉంది. మళ్ళీ జరిపాను.

ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. విక్టోరియాకు, సాన్‌ఫ్రాన్సిస్కోకు, ఇంగ్లండులో పడవలు కట్టే ఊళ్ళకు. 'సైలస్ పెల్లో, సీలు జంతువుల వేట ఓడలో, కెప్టెను కింద మేటు, ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు, ఈల బాగా వేస్తాడు' అని రాశాను. ఈల సంగతి కొట్టెయ్యమంది టీచరు. కొట్టెయ్యలేదు. మనిషిని పట్టించేది అదే.

మామయ్యా, ఓడ పేరు గుర్తు లేదంటావేమిటి? నువ్వే కదా ఆ ఓడ వెనక భాగం మీది అక్షరాలు ఇసుకలో గీసి, ఇవేమిటని నాన్నను అడిగింది? ఒక్కసారి ఆలోచించు. అమ్మతో చెప్పు, ఈసారి నీ రాళ్ళకంటే నీ కూతురి మాటలే ముందు చేరతాయని.

ఫీబీ


స్కిడిగేట్
జూన్

ఫీబీకి మామయ్య చెబుతున్నది.

ఉత్తరాలు రాయడం మానెయ్.

ఆమోసు

ఇంతే చెప్పాడు పిల్లా. ఇంకేమైనా కలపమంటావా అంటే, "కలపడానికి అదేమన్నా చారా?" అని కసిరాడు.

మా ఇల్లు ఇల్లులా లేదు. నాన్న ఉలి పట్టి చాలా రోజులైంది. ఈ ఏటి నావికుడు ఏడీ అని అత్తయ్య అడిగితే, రాయి మంచిది దొరకలేదన్నాడు. అబద్ధం. కొండ మీది నుంచి వీపున మోసుకొచ్చిన రాయి, నల్లగా, గీత లేకుండా, పసిపాప ఒళ్ళులా ఉంది. దాన్ని పొయ్యి పక్కన పెట్టి మరిచిపోయాడు. మా నాన్న! ఎండిన రాయిని చూస్తే పస్తున్న పిల్లాణ్ణి చూసినట్టు బాధపడే మనిషి. అది మధ్యకు చీలిపోయింది. "ఆమోసుకు ముసలితనం వచ్చింది" అని రేవులో జోకులు.

అత్తయ్య దగ్గితే గుడ్డకు రక్తం అంటుతోంది. నీకు రాయొద్దంది. రాశాను. తిట్టుకోనీ.

లాటీ


పోర్ట్ సింప్సన్
జూలై

మామయ్యా,

మానెయ్ అనే ఒక్క మాట కోసం ఉత్తరాన్ని ఇంత దూరం స్టీమరెక్కించావా?

విక్టోరియా నుంచి ఒక జవాబు వచ్చింది. అలాంటి మనిషి తమ ఓడల్లో ఇప్పుడు లేడట. ఇంకేమీ లేదు. ఓడ పేరు తెలిస్తే పాత కాగితాలు తీసి చూస్తారట. ఆ ఒక్క పేరు నీ దగ్గర ఉంది. ఇవ్వవు.

అమ్మకు రక్తం పడుతోంది. ఆమె ఉన్నప్పుడే నాన్న రావాలి. ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే మాట నాకు చేతకాదు. అయినా నీకు పట్టలేదు. ఎందుకు? ఆయన వస్తే అక్క నీ ఇల్లు వదిలి వెళ్ళిపోతుందనా? ఊళ్ళో వాళ్ళు నవ్వేది అమ్మను చూసి కాదు మామయ్యా, నిన్ను చూసి నవ్వాలి. అమ్మ ఆశ నీకు పనిముట్టయింది. ఏడాదికోసారి మా నాన్న ముఖం అమ్ముకుంటున్నావు. ఆయన తిరిగొస్తే ఇక ఎవరి ముఖం చెక్కుతావు?

వదినా, ఇది కూడా గట్టిగా చదువు. అమ్మ లేనప్పుడు.

ఫీబీ


స్కిడిగేట్
ఆగస్టు

తల్లీ ఫీబీ,

నేను అమ్మను. లాటీ రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని, మధ్యలో తన కూతలు కలపనని ఒట్టు పెట్టింది.

నువ్వు మామయ్యకు రాసింది నేను విన్నాను. అమ్మ లేనప్పుడు చదవమన్నావట. మన ఇంటి చెక్క గోడల మధ్య అమ్మకు వినబడనిది ఏముంది? నిన్ను తిట్టడానికి కాదు ఇది. నీకు ఎవరూ చెప్పనిదాన్ని నువ్వెలా తెలుసుకుంటావు?

ఆ గుండీ ఊడిందని నేను చూసుకున్నది మీ నాన్న వెళ్ళే పొద్దున. కుట్టాను. కుట్టగానే తొడుక్కుని పడవెక్కాడు. మీ మామయ్య రెండు రోజుల తరవాత కొండ దిగాడు. ఆ కోటును ఆ గుండీతో చూసింది మనిద్దరమే. నేను ఎవరికీ చెప్పలేదు. ఊడిన గుండీ గురించి ఎవరు చెప్పుకుంటారు?

మరుసటి వసంతం ఆయన రాలేదు. ముఖం చెక్కి ఓడలెక్కిద్దామని నేనే అడిగాను. మీ మామయ్య చాలా రోజులు దాటేశాడు. ఆఖరికి ఒకరోజు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ముఖం చూశాను, ఆయనే. చెయ్యి చూశాను. తరవాత గుండీ చూశాను. చిప్ప పొదిగి ఉంది.

మీ మామయ్య నోరు అబద్ధం చెప్పగలదు. కన్ను చెప్పలేదు. చివరిసారి చూసింది చూసినట్టు చెక్కాడు. ఆ గుండీ ఎప్పటినుంచో ఉందనుకున్నాడు పాపం. నేను ఇంట్లో సాగనంపిన కోటును నా తమ్ముడు ఇంకెక్కడో చూశాడన్నమాట. ఎక్కడ చూసి ఉంటాడో, చూసి నాకెందుకు చెప్పలేదో తెలుసుకోవడానికి ఎంతసేపు కావాలి? చేతిలో రాయి బరువు తెలిసేలోపే తెలిసింది.

"బాగుంది తమ్ముడూ, ఆయనలాగే ఉంది" అన్నాను. వాడి ముఖం చూడాల్సింది నువ్వు.

ఎందుకు అడగలేదంటావు. మీ నాన్న వెళ్ళేటప్పటికి నేను కడుపుతో ఉన్నాను. ఆ బిడ్డ దక్కలేదు. ఆ చలికాలం మంచం పట్టాను. ఈ మాట చెబితే నేను కూడా పోతానని వాడు భయపడ్డాడు. ఒకసారి దాచిన మాట మరుసటి ఏడు ఇంకా బరువవుతుంది, ఆ పై ఏడు ఎత్తలేం. నేను అడిగితే వాడు కూలిపోతాడు. అందుకని అడగలేదు. మగడు పోయిన ఆడది జుట్టు కత్తిరించుకోవాలి. కత్తిరిస్తే నాకు తెలుసని వాడికి తెలిసిపోతుంది. అందుకని పెంచుకున్నాను. ప్రతి ఏడూ దువ్వుకున్నాను. మీ నాన్న వాటా గుడ్లు దాచాను. "ఈ ఏటి నావికుడు ఏడీ" అని అడిగాను. వాడు నా కోసం చెక్కాడు, నేను వాడి కోసం అడిగాను. ఏడాదికోసారి ఆయన ముఖం నా ఒళ్ళోకి వచ్చేది కదా, అది నా స్వార్థం.

ఇప్పుడు నాకు రోజులు తక్కువ. జుట్టు లేకుండా ఏడవాలని ఉంది. నిన్న లాటీ చేత కత్తిరించుకున్నాను. మీ మామయ్య లోపలికి వచ్చి నా తల చూశాడు. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. ఎవరూ ఏమీ అడగలేదు. వాడే చెప్పాడు.

ఆయన వెళ్ళిన ఆ నెలలోనే పెద్ద గాలివాన. తరవాత పడమటి ఒడ్డుకు చేపలకు పోయిన మీ మామయ్యకు ఇసుక మీద కనబడ్డాడట. ఓడ చెక్కలు కూడా. కాకి పక్షం మనిషి పోతే చెయ్యాల్సిన పని డేగలదే కనక ఒక్కడే చేశాడు. ఆటుపోటు అందని చోట, చెట్టు కింద, రాళ్ళు పేర్చి. పోయినవాళ్ళకు గుర్తుగా చెక్కిన స్తంభం నిలబెట్టాలి కదా. చెప్పుకోలేని చావుకు స్తంభం ఎలా నిలబెడతాడు? "అందుకే చిన్నవి చెక్కాను అక్కా, ఏడాదికొకటి" అన్నాడు.

ఆ గుండీ అయినా తెచ్చి ఇవ్వకపోయావా అన్నాను. "నువ్వు కుట్టింది కదా, తెంచబుద్ధి కాలేదు" అన్నాడు.

ఇక రేవులకు రాయకు తల్లీ. మామయ్యకు రాయి.

అమ్మ

ఒట్టు తప్పుతున్నాను. మా అమ్మ తన తమ్ముడు పోయాడని ఇన్నేళ్ళ తరవాత ఇవాళ ఏడుస్తోంది. ఎవరూ ఆపడం లేదు. లాటీ.


పోర్ట్ సింప్సన్
ఆగస్టు

మామయ్యా,

నేను రాసిన మాట ఒకటి నీ దగ్గర ఉంది. పలక మీదిదైతే వచ్చి చెరిపేదాన్ని.

ఇంటికి పంపమని అడిగాను. సెలవులు కావన్నారు. మా అమ్మ పోతోంది అన్నాను. ప్రార్థన చేద్దామన్నారు. నాకు ఇంత చదువొచ్చు, ఇన్ని మాటలొచ్చు, ఒక్కటీ తలుపు తియ్యలేదు.

అమ్మ చెయ్యి పట్టుకో. నా చెయ్యి అని చెప్పు.

ఫీబీ


స్కిడిగేట్
అక్టోబరు

ఫీబీ,

అత్తయ్య పోయింది. స్టీమరు మనిషి చేత కబురు పంపాం, ఈపాటికి అందే ఉంటుంది. నిన్ను పంపలేదని తెలిసింది. ఎలా జరిగిందో నీకు కావాలి కనక వరసగా చెబుతాను.

జుట్టు కత్తిరించుకున్న తరవాత ఆవిడ నాన్నను ఒకటే అడిగింది. "ఆయన్ని తీసుకురా." నాన్న, మీ డేగల కుర్రాళ్ళు కలిసి పడమటికి పడవ వేసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి అత్తయ్యకు మాట సన్నగిల్లింది గాని తెలివి ఉంది. దేవదారు పెట్టెలో ఎముకలు తెచ్చారు. కోటు మిగల్లేదు. గుండీ మిగిలింది. నాన్న దాన్ని కడిగి ఆవిడ అరచేతిలో పెట్టాడు. కన్నాల్లో ఇంకా జంతువు నరంతో పేనిన దారం ముడి ఉంది. అత్తయ్య దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "చూడు, తెల్లవాళ్ళ గుడ్డ పోయింది గాని నా కుట్టు పోలేదు" అంది. నవ్వింది కూడా. మా అమ్మ నవ్వబోయి ఏడ్చింది. పోయేదాకా ఆ పిడికిలి విప్పలేదు. పోయాక మేమూ విప్పలేదు.

డేగలు పోతే పని మా కాకులది. కడిగింది, కట్టింది, గొయ్యి తవ్వింది మా వాళ్ళే. పక్కపక్కనే పెట్టాం ఇద్దర్నీ. తరవాత మా అమ్మ ఊరందరికీ అన్నం పెట్టింది. పోయినవాళ్ళ పేర కానుకలు పంచే మన విందులు చెయ్యకూడదని చట్టం ఉంది కదా, అందుకని చర్చి భోజనం అని పేరు పెట్టాం. పాస్టరు గారు కూడా వచ్చి రెండుసార్లు వడ్డించుకున్నారు. అందరి ముందూ మా అమ్మ లేచి, "నా తమ్ముడు 'అలల మీద నిద్రపోయేవాణ్ణి' పూడ్చిపెట్టినందుకు, ఇన్నేళ్ళూ వాడి స్తంభం చెక్కినందుకు" అని చెప్పి నాన్న భుజాన దుప్పటి కప్పింది. నాన్న వద్దనలేదు. తల వంచుకుని నిలబడ్డాడు.

నీ ఆగస్టు ఉత్తరం చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. తరవాత ఒక్కటే అడిగాడు. "ఆ కిటికీలోది చీలిందా?"

వదిన
లాటీ


పోర్ట్ సింప్సన్
నవంబరు

మామయ్యా,

చీలలేదు. ప్రతి శనివారం జరుపుతూనే ఉన్నాను.

నిన్న డాక్టరు గారింటికి ఒక ముసలి కెప్టెను వచ్చాడు. టీ ఇవ్వడానికి నన్ను పిలిచారు. డాక్టరు గారి భార్య ఎప్పటిలాగే విగ్రహం చూపించి, ఆదివాసులు మిమ్మల్ని ఎలా వెక్కిరించారో చూడండి కెప్టెన్ అంది. ఆయన నవ్వలేదు. కప్పు కింద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి, వంగి చూశాడు. తన ఎడమ చెయ్యి తనకే తెలియకుండా జేబులో పెట్టుకున్నాడు.

"వెక్కిరించడమేమిటమ్మా, ఇది సైలస్ పెల్లో. రెండు వేట కాలాలు ఒకే ఓడలో ఉన్నాం. ఈల వేసి వేసి మా ప్రాణం తీసేవాడు" అన్నాడు.

మామయ్యా, ముఖం చూసే పోల్చాడు. నువ్వు చెక్కిన ముఖం చూసి.

"ఈ మనిషి ఇప్పుడెక్కడున్నాడో!" అన్నాడు. ఎవరినీ కాదు, కిటికీని అడిగినట్టు. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలనే కదా అమ్మ ఇన్ని రాళ్ళు ఓడలెక్కించింది. నా చేతిలో పళ్ళెం ఉంది. ఇన్నాళ్ళుగా ఏరి దాచుకున్న మాటలన్నీ ఉన్నాయి. నాన్న మాట వచ్చినప్పుడు డాక్టరు గారి భార్య ముందు 'అవునమ్మా' తప్ప ఇంకో మాట అనడం నాకు అదే మొదటిసారి.

"ఇంటికొచ్చేశాడండీ. మా అమ్మ దగ్గరున్నాడు" అన్నాను.

నీ
ఫీబీ